టెర్ఫినైల్ అయొడైడ్‌తో పాటు 314 పీక్ కూడా అంతే వస్తున్నది, తప్పెక్కడ?

ప్రశ్న: హన్మకొండ_రీసెర్చ్
అందరికీ నమస్తే. క్రోమియం పని కోసం 2,6-డైమెసిటైల్‌ఫినైల్ అయొడైడ్ (మధ్య బెంజీన్ రింగుకు రెండు పక్కల మెసిటైల్, అంటే ట్రైమిథైల్‌ఫినైల్, రింగులున్న టెర్ఫినైల్) చేస్తున్నం. 1,3-డైక్లోరోబెంజీన్ 7.35 గ్రా. (50 మిల్లీమోల్) టీహెచ్‌ఎఫ్ సాల్వెంట్‌లో, −78 డిగ్రీల దగ్గర బ్యూటైల్‌లిథియం 50 మిల్లీమోల్, గంటన్నర. తర్వాత మెసిటైల్ మెగ్నీషియం బ్రోమైడ్ (గ్రిగ్నార్డ్) 150 మిల్లీమోల్, మెల్లగా వేడెక్కనిచ్చి రాత్రంతా రిఫ్లక్స్ (ఆవిరి చల్లారి తిరిగి పడేటట్టు మరిగించుడు). చల్లారినంక అయొడిన్ 14 గ్రా. (55 మిల్లీమోల్). జీసీ-ఎంఎస్‌లో అణుభారం 440 (మాకు కావాల్సిన అయొడైడ్) వస్తున్నది గానీ, 314 కూడా దాదాపు అంతే ఉన్నది. వానాకాలం తేమ వల్లనా? ఇంకోటి, డ్రై ఐస్ హైదరాబాద్ నుంచి వచ్చేసరికి సగం ఆవిరైపోతున్నది. వేరే దారి ఉన్నదా?

జవాబు: కార్బానయాన్
తేమ సంగతి తర్వాత, ముందు అయొడిన్ లెక్క చూడండి. డైక్లోరోఫినైల్‌లిథియం నుంచి లిథియం క్లోరైడ్ పోయి బెంజైన్ (వెంటనే చర్య జరిపే బెంజీన్ రూపం) అయితది, దానికి ఒక మెసిటైల్ చేరుతది. రెండో క్లోరిన్ కూడా అట్లనే పోయి రెండో మెసిటైల్ వస్తది. అంటే గ్రిగ్నార్డ్ 100 ఖర్చు, 50 మిగులు. టెర్ఫినైల్ గ్రిగ్నార్డ్ ఇంకో 50. మొత్తం 100కు అయొడిన్ కావాలె, మీరు వేసింది 55. పైగా మెసిటైల్‌కు అడ్డు తక్కువ, అయొడిన్‌ను ముందు అదే లాక్కుంటది. మిగిలిన టెర్ఫినైల్‌కు వర్కప్ (చివరి కడుగుడు) నీళ్ల ప్రోటాన్ తగిలి 314 అయితది. అడుగున మిగిలిన మెగ్నీషియం ముక్కలు కూడా అయొడిన్‌ను తింటయి, కాబట్టి గ్రిగ్నార్డ్‌ను కాన్యులాతో (సన్నని గొట్టంతో) తేటగా వంపుకోండి.

28 గ్రా. వేయండి, 0 డిగ్రీల దగ్గర, కొంచెం కొంచెంగా. గోధుమరంగు గంటసేపు నిలిస్తేనే చాలినట్టు. మిగులు అయొడిన్‌కు సోడియం సల్ఫైట్ వాష్. పక్కన పుట్టే మెసిటైల్ అయొడైడ్‌ను వాక్యూమ్‌లో వేడిచేసి తీసేయండి.

జవాబు: ష్లెంక్_లైన్
పై లెక్క కరెక్టే, కానీ తేల్చుకునే పద్ధతి ఉంది. అయొడిన్ వేసే ముందు అర మి.లీ. తీసి భారజలంలో పడేయండి (మన మణుగూరులో తయారయ్యేదే). లోహం ఉన్న చోట డ్యుటీరియం చేరి 315 పెద్దగా వస్తే లోహం బతికే ఉంది, తప్పు అయొడిన్‌దే. 314 పెద్దదైతే రిఫ్లక్స్‌లోనే చచ్చిపోయింది. మామూలు 314కు కూడా కార్బన్-13 వల్ల 315 దగ్గర నాలుగో వంతు పీక్ ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. రిఫ్లక్స్ ఆపగానే ఫ్లాస్కు లోపల ఒత్తిడి పడిపోయి బబ్లర్ (గ్యాస్ బుడగలుగా బయటికి పోయే గొట్టం) గాలిని లాగుతుంది. హీటింగ్ ఆపే ముందే ఆర్గాన్ పెంచండి. 356, 358 పీకులు 3:1లో (క్లోరిన్ ఉన్న గుర్తు) కనిపిస్తే ఒక మెసిటైలే చేరినట్టు, అప్పుడు గ్రిగ్నార్డ్‌ను టైట్రేట్ చేయాలి.

జవాబు: ఓరుగల్లు_కెమ్
డ్రై ఐస్ బదులు ద్రవ నైట్రోజన్ ఉంటే ఇథైల్ అసిటేట్‌లో కొద్దికొద్దిగా పోస్తూ కలపండి, −84 డిగ్రీల స్లష్ (సగం గడ్డకట్టిన చల్లని ముద్ద) వస్తుంది. డైక్లోరోఫినైల్‌లిథియం తెల్లగా చిక్కబడుతుంది, అందుకే బలమైన స్టిరర్ పెట్టండి. గ్రిగ్నార్డ్ మొత్తం పడేదాకా బాత్ తీయొద్దు. గ్రిగ్నార్డ్ లేకుండా వేడెక్కితే బెంజైన్ ఒక్కసారిగా పుట్టి మిశ్రమం ఎగదన్నుతుంది. థర్మామీటర్ బాత్‌లో కాదు, ఫ్లాస్కులో ఉండాలి.

ఇంకో మాట. మీ గురి క్రోమియం-క్రోమియం ఐదు బంధాలైతే, 2005లో కాలిఫోర్నియా యూనివర్సిటీ (డేవిస్)లో ఫిలిప్ పవర్ బృందం వాడినది మెసిటైల్ కాదు, పక్క రింగుల మీద ఐసోప్రొపైల్స్ ఉన్న టెర్ఫినైల్. ఆ బంధం 1.835 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆ ఐసోప్రొపైల్స్ లోహాల చుట్టూ ఖాళీని మూసేస్తాయి. మెసిటైల్‌తో చేతులు కుదిరాక దానికి మారండి.