"ఏరును ద్విజుడున్": ఆ ద్విజుడు పక్షి కాకూడదా?

హంసపాది: "అప్పిచ్చువాడు వైద్యుడు" పద్యం రెండో పాదం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. "ఎప్పుడు నెడతెగక బారు నేరును ద్విజుడున్". ద్విజుడంటే బ్రాహ్మణుడనే చదువుకున్నాం. గుడ్డుగా ఒకసారి, పిల్లగా ఒకసారి పుడుతుంది కాబట్టి పక్షినీ ద్విజమంటారు కదా, ఇక్కడ పక్షి అనుకుంటే? ఏరు ఎండితే ముందు పిట్టలు పోతాయి, వెనకే మనుషులు.

శకటరేఫం: కుదరదండీ. "డు" ఉంది కాబట్టి మహద్వాచకం, అంటే మగవాణ్ని చెప్పే మాట. పక్షి అయితే ద్విజము. "ద్విజమున్" అన్నా సగణమే (రెండు లఘువులు, ఒక గురువు), గణం చెడదు. అవకాశం ఉండీ కవి అలా అనలేదు. పైగా అది "నేఱును". బండి ఱతో ఏఱు అంటే ప్రవాహం, సాధురేఫతో (మామూలు ర) ఏరు అంటే నాగలి.

అరసున్న: నన్నడిగితే బరువంతా "ఎడతెగక" మీదే ఉంది. ఆ ఎడతెగకపోవడం పోతే ఏమవుతుందో చూడండి. మధ్య ఆసియాలో 1960ల నుంచి అముదర్యా, సిర్‌దర్యా నదుల నీళ్లను పత్తి పొలాలకు మళ్లించారు. అరల్ సముద్రం వెనక్కి పోయింది, మొయినాక్ రేవు ఇసుకలో మిగిలింది, జాలరులు ఊరు వదిలారు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్‌లో 1968 కరువు చూడండి. చలికాలం అక్కడ గడిపే వైట్‌త్రోట్ పిట్టల్లో నాలుగింట మూడు వంతులు 1969 వసంతంలో బ్రిటన్‌కు తిరిగి రాలేదు. ఆ తర్వాతి ఏళ్లలో అదే కరువు పశువుల కాపరులను పట్నాలకు తరిమింది.

పాతపుస్తకం: వలస పక్షులంటే కాళిదాసును తలచుకోకుండా ఎలా? మేఘదూతంలో రాజహంసలు లేత తామరతూళ్లను పాథేయంగా పట్టుకుని కైలాసం దాకా మేఘానికి తోడు వెళ్తాయి. పాథేయానికి మన "దారిబత్తెం" ఎంత చక్కని మాట! ఊరొదిలే మనిషి మూటలో ఉండేదీ అదే.

శకటరేఫం: ఆ హంస బార్‌హెడెడ్ గూస్ అనే వలస బాతు అనుకుంటే, అది మేఘం వచ్చే వానల దాకా ఆగదు. వేసవి మొదట్లోనే హిమాలయం దాటుతుంది.

అరసున్న: చాలా వలస పక్షులకు బయల్దేరే గుర్తు పగటి పొడవు. అది మారదు, వాతావరణం వేడెక్కి అవతల వసంతం మాత్రం ముందుకు జరిగింది. యూరప్‌లో పైడ్ ఫ్లైక్యాచర్ అనే వలస పిట్ట గూడు కట్టి పిల్లల్ని చేసేసరికి గొంగళిపురుగుల సీజన్ దాటిపోతోంది. మనిషి ఎండిన ఏటిని చూసి తేల్చుకోగలడు, అదీ అప్పు పుడితేనే. పద్యంలో అప్పిచ్చువాడు ముందున్నది అందుకేనని నా నమ్మకం. చేతిలో ఏమీ లేనివాడు కరువులో కూడా కదలలేడు.

పాతపుస్తకం: కదలడమంటే గుర్తొచ్చింది. "పాఱు"కు ప్రవహించడం, పరుగెత్తడం రెండూ అర్థాలే. కాబట్టి అక్కడ "బారు" కాదు, "బాఱు".

హంసపాది: రెండు చోట్లా బండి ఱ ఒప్పుకుంటున్నాను. ద్విజుడి సంగతి మాత్రం ఇంకా తేలలేదు. పాత తాళపత్రాల్లో "ద్విజమున్" అన్న పాఠం చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?