ఇల్లు లేనోళ్లకి ఇళ్లు కట్టాల్సింది నగరం మధ్యలోనా, ఊరి బయటా?

రావిచెట్టు:
అద్దెలు మండిపోయే నగరాల్లో రోడ్డు పక్కన పడుకునేవాళ్లకి ఇళ్లు కట్టాలి అంటే అందరూ సరే అంటారు, ఎక్కడ అన్న దగ్గరే పేచీ. ఊరికి దూరంగా స్థలం చవక కాబట్టి అదే డబ్బుతో ఎక్కువ ఇళ్లు లేస్తాయి, కానీ పనులన్నీ నగరంలో ఉంటాయి. నా మటుకు నాకు తక్కువ ఇళ్లైనా పని దొరికే చోటే కట్టాలి, అమ్మకుండా తక్కువ అద్దెకి ఇవ్వాలి. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు కూడా బతుకుతెరువు అనేది జీవించే హక్కులో భాగమే అంది, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద జనం ఉంటున్నది పని దగ్గర్లో ఉందనే అని ఒప్పుకుంది. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
రావిచెట్టు గారూ, సగమే చెప్పారు. ఫుట్‌పాత్ ఆక్రమించే హక్కు ఎవరికీ లేదు, వానాకాలం అయ్యాక ఖాళీ చేయించొచ్చు అన్నది కూడా ఆ తీర్పే. సరే, డబ్బు సంగతికి రండి. అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో ఇల్లు లేనోళ్లకి ఇళ్లు కట్టడానికి నగరం 120 కోట్ల డాలర్లు బాండ్ల మీద అప్పు తెచ్చుకోవడానికి 2016లో జనం ఓటేసి ఒప్పుకున్నారు, పది వేల ఇళ్లు అన్నారు, తీరా చూస్తే ఒక్కో ఫ్లాటు సగటున 5 లక్షల డాలర్లు దాటింది. నగరం మధ్యలో కడితే ఇలాగే ఉంటుంది.

వానచినుకు:
ఆ 5 లక్షల్లో స్థలం వాటా ఎంత మాస్టారూ?

రావిచెట్టు:
మంచి ప్రశ్న. ఆ నగరం ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కంట్రోలర్ ఇచ్చిన ఆడిట్ చూడండి, స్థలం కన్నా కన్సల్టెంట్లు, పర్మిషన్లు, ఫైనాన్స్ లాంటి వాటికే ఎక్కువ పోయిందని ఉంది. అంటే ఊరి బయట కట్టినా అవి తప్పేవి కాదు.

లెక్కల మాస్టారు:
దేనికి పోయినా పోయింది జనం డబ్బే కదండీ.

నిప్పురవ్వ:
ఊరవతల ఇల్లు అనేవాళ్లకి నా మాట. మాకు అలాంటి ఇల్లే వచ్చింది. మా అమ్మ ఇళ్లల్లో పనిచేసేది, పొద్దున్నే ఐదున్నరకల్లా మొదటి ఇంట్లో గిన్నెల దగ్గర ఉండాలి, అక్కడినుంచి మొదటి బస్సే ఆరింటికి. ముందు ఆ ఇంట్లో పని పోయింది, తర్వాత ఆలస్యమవుతోందని ఇంకో ఇంటివాళ్లు మాన్పించేశారు, మిగిలిన పనికి వచ్చే జీతం బస్సులకీ షేర్ ఆటోలకీ సరిపోయేది. చివరికి ఆ ఇంటికి తాళం వేసి మళ్లీ నగరంలో రేకుల షెడ్డులోకి వచ్చాం, అధికారులు చూసి ఇల్లిచ్చినా వాడుకోలేదని రాసుకుపోయారు. ఎందుకు వచ్చేశారని అడిగినోడు ఒక్కడు లేడు.

పాతకాపు:
మీ అమ్మగారి కష్టం కాదనను. కానీ నేను జీతంలో సగం అద్దెకి పోస్తున్నా, ఓనర్ ఏటా పెంచుతాడు, పెంచకపోతే కొడుకు పెళ్లని ఖాళీ చేయమంటాడు. నాకు నగరం మధ్యలో ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. రోడ్డు మీద ఉన్నవాళ్లకి ఇస్తే కనీసం తాగుడు మానాలి, పనిలో చేరాలి అని షరతు పెట్టాలి కదా?

రావిచెట్టు:
పాతకాపు గారూ, షరతు పెట్టే పద్ధతి చాలా దేశాల్లో చాలా కాలం నడిచింది, ముందు మారు తర్వాత ఇల్లు అని. రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియనోడు మందులు టైముకి ఎలా వేసుకుంటాడు, పొద్దున పనికి ఎలా వెళ్తాడు? న్యూయార్క్‌లో 1992లో సామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్టు దీన్ని తిరగేశాడు, ముందు ఇల్లు, తర్వాత చికిత్స. ఫిన్లాండ్ 2008 నుంచి దేశమంతా ఇదే చేసింది, హెల్సింకీలో మంచాలు వరసగా వేసిన ఒక పెద్ద షెల్టర్‌ని తీసేసి ఎవరి బాత్రూమ్ వాళ్లకి ఉండే ఫ్లాట్లుగా మార్చారు. అక్కడ ఊరికే ఇవ్వరు, అగ్రిమెంట్ రాసుకుంటారు, అద్దె కడతారు, చాలనిదానికి ప్రభుత్వం భత్యం ఇస్తుంది. 1980ల చివర్లో పది వేలు దాటి ఉన్న నిరాశ్రయులు 2022కి నాలుగు వేల లోపుకి వచ్చారు.

లెక్కల మాస్టారు:
2024లో మళ్లీ పెరిగారు, అది కూడా రాయండి. మొత్తం దేశం జనాభా 56 లక్షలు, ఒక పెద్ద నగరమంత లేదు. లాస్ ఏంజిలిస్ ఖర్చుకి ఇంకా జవాబు రాలేదు.

రావిచెట్టు:
పెరిగారు, భత్యాలు కోసిన తర్వాత పెరిగారు. అది నా వాదనకే బలం.

నిప్పురవ్వ:
మాస్టారూ, పొద్దున్నుంచి లాస్ ఏంజిలిస్ పట్టుకుని వేలాడుతున్నారు. సూటిగా అడుగుతున్నా. ఖర్చు సగానికి తగ్గిస్తాం, మీ అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ స్థలంలో కడతాం అంటే ఒప్పుకుంటారా?

లెక్కల మాస్టారు:
ఒప్పుకోను. దాచాల్సిన పనేం లేదు. నా పీఎఫ్, మా ఆవిడ బంగారం అంతా ఈ ఫ్లాట్‌లోనే పెట్టాం, నాకు పెన్షన్ లేదు. దీని రేటు పడితే రేపు హాస్పిటల్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, మీరా?

వానచినుకు:
ఇప్పటిదాకా జనం డబ్బు అన్నారు, అసలు సంగతి ఇదన్నమాట.

పాతకాపు:
ఆగండి, అయితే నేనూ మాస్టారూ ఒక పక్షం కాదు. నాకు ఫ్లాట్ లేదు, రేట్లు పడితే నా అద్దె తగ్గుతుంది, నాకు కావాల్సింది అదే. నా బాధల్లా నన్ను లైన్లో లెక్కపెట్టరని. ఒక్క నెల జీతం ఆగితే నేనూ రోడ్డు మీదే కదా.

రావిచెట్టు:
మిమ్మల్నీ లెక్కపెట్టాలి. వియన్నాలో నగరానివే రెండు లక్షలకి పైగా అద్దె ఇళ్లున్నాయి, వాటిల్లో కూలివాళ్లతో పాటు మధ్యతరగతి ఉద్యోగులూ ఉంటారు. అందుకే అక్కడ అవి పేదల బిల్డింగులు అని ఎవరూ వేలెత్తి చూపరు, పక్క స్థలాల రేటూ కూలిపోలేదు.

లెక్కల మాస్టారు:
ఆ నగరం వందేళ్ల నుంచి కడుతోంది, నాకు అంత టైం లేదు. పెన్షన్‌కి ఒక దారి చూపించండి, ఆ పక్క స్థలానికి నేను అడ్డం రాను. అది చూపించకుండా మా వీధి పేరు ఎత్తితే మాత్రం అసోసియేషన్ మీటింగ్‌లో మొదట లేచేది నేనే.

నిప్పురవ్వ:
పెన్షన్ కోసం మీతో పాటు సంతకం పెడతా మాస్టారూ. మీ మీటింగ్ ఎప్పుడో చెప్పండి, మా అమ్మని తీసుకొస్తా.