తేలే మంచు పలక మీద నెలల తరబడి ఎట్లా ఉంటారు? తెలిసినవాళ్లు చెప్పండి

టీచరమ్మ, అనంతపురం:
తొమ్మిదో తరగతిలో ధ్రువాల పాఠం చెబుతుంటే ఒక పాప లేచింది. "ఉత్తర ధ్రువంలో నేలే లేదు కదా మేడం, పరిశోధకులు ఎక్కడ ఉంటారు?" సముద్రం మీద తేలే మంచు మీదే అని చెప్పాను. 1937 మే 21న సోవియట్ యూనియన్‌కు చెందిన పపానిన్ పరిశోధక బృందం, మొత్తం నలుగురు, ధ్రువం దగ్గర దిగారు. మంచు గ్రీన్‌లాండ్ వైపు కొట్టుకుపోయింది. 274 రోజుల తర్వాత ఓడలు వచ్చి ఎక్కించుకున్నాయి. "మరి తాగే నీళ్లు?" అంది. నాకు తెలియలేదు.

కొండారెడ్డి బురుజు, కర్నూలు:
మేడం, నేను అంటార్కిటికాలో మన మైత్రి కేంద్రంలో జనరేటర్ మెకానిక్‌గా ఏడాది ఉన్నాను. మా కాళ్ల కింద రాయి ఉండేది, పక్కనే మంచినీటి సరస్సు. తేలే మంచు మీద ఆ రెండూ ఉండవు. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచులో ఇమడదు. చిక్కని ఉప్పునీరుగా మిగిలి మెల్లగా కిందికి జారిపోతుంది. రెండు మూడు వేసవులు దాటిన పాత మంచులో ఉప్పు దాదాపు ఉండదు. దాన్నో, పైన పడిన మంచునో కరిగించుకుంటారు. కానీ కరిగించాలంటే ఇంధనం కావాలి. అందుకే ట్యాంకర్ నీళ్లను మనం ఎట్లా చూసుకుంటామో అట్లా చూసుకోవాలి.
ఇంకోమాట. సూర్యుడు కనిపించని రోజుల్లో మమ్మల్ని నిలబెట్టింది భోజనం గంటే. ఒక్కడు రాకపోయినా అందరికీ టెన్షన్.

గండికోట, కడప:
మా అన్న కూతురు జర్మనీలో చదువుతోంది. 2019లో పోలార్‌స్టెర్న్ అనే జర్మనీ పరిశోధన ఓడను ఉత్తర ధ్రువ సముద్రంలో కావాలనే మంచులో ఇరికించి దాంతోపాటే కొట్టుకుపోయారని తనే చెప్పింది. మంచు మీద పనిచేసేవాళ్లకు ఎలుగుబంట్ల నుంచి కాపలా ఉండేది. పగుళ్లొస్తే పరికరాలను ఉన్నపళంగా జరపాలి. కరోనా వల్ల మనుషుల మార్పిడి ఆగిపోతే, 2020 మేలో ఓడే నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల దాకా వెళ్లి కొత్తవాళ్లను తెచ్చుకుంది.

శెనక్కాయ సేద్యం, కళ్యాణదుర్గం:
నేను రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు వానమాపి చూసి నోట్‌బుక్‌లో రాస్తా. వాన రాని రోజు సున్నా రాస్తా. ఆ సున్నాలు నాకు చాలా ముఖ్యం. పపానిన్ బృందంలో ఫ్యోదరోవ్ గాలి, చలి కొలిస్తే క్రెంకెల్ రేడియోలో పంపేవాడు. ఆ 1937 జూన్‌లోనే సోవియట్ పైలట్ చ్కాలోవ్ ధ్రువం మీదుగా అమెరికాకు విమానం నడిపినప్పుడు ఆ లెక్కలే పనికొచ్చాయి. మంచు చీలుతున్నా కొలత ఆపలేదు చూడండి, వాళ్లకు దండం పెట్టాలి. టీచరమ్మా, పిల్లలను తీసుకురండి, వానమాపి చూపిస్తా.

టీచరమ్మ, అనంతపురం:
తప్పకుండా అన్నా, శనివారం వస్తాం. నిన్న ఉప్పునీళ్లు ఫ్రిజ్‌లో సగం గడ్డకట్టించాం. గడ్డను కడిగి కరిగించి పిల్లలకు రుచి చూపించాను. ఉప్పు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ పాప దాన్నే మళ్లీ గడ్డకట్టించమంటోంది. గిన్నె ఇప్పుడు ఫ్రిజ్‌లోనే ఉంది.