జీరో అవర్‌లో హాల్ జోర్డాన్ అడిగిందాంట్లో తప్పేంటి?

పాతపేజీ:
పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద జీరో అవర్ దొరికింది. 1994లో అమెరికా కామిక్స్ కంపెనీ డీసీ వేసిన బొమ్మల కథ. రాసిందీ బొమ్మలు గీసిందీ డ్యాన్ జర్గెన్స్, ఇంకు పని జెర్రీ ఆర్డ్‌వేది. ఐదు సంచికలు, నెంబర్లు వెనక్కి నడుస్తాయి: 4తో మొదలై 0తో ఆఖరు. నాకు దొరికినవి నాలుగే, 3 లేదు.

చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కాలం రెండు కొసల నుంచీ చెరిగిపోతూ వస్తుంటుంది. ఇదంతా ఎక్స్‌టాంట్ అనేవాడి పని అనుకుంటాం. తీరా చూస్తే వాడి వెనక ఉన్నది హాల్ జోర్డాన్, అనుకున్నదల్లా సృష్టించే ఉంగరం తొడుక్కున్న హీరో, మన గ్రీన్ లాంటర్న్. ఇప్పుడు పేరు పారలాక్స్. అంతకు ముందు ఏడాది వచ్చిన సూపర్‌మ్యాన్ కథలో అతని ఊరు కోస్ట్ సిటీ 70 లక్షల మందితో సహా బూడిదైపోయింది. అందుకని కాలాన్ని మొదలంటా తుడిచేసి, అలాంటి ఘోరాలు లేకుండా మళ్ళీ రాస్తానంటాడు.

నేనడిగేది ఒకటే. చివర్లో హీరోలు చేసిందేంటి? డామేజ్ అనే కుర్రాడిలో ఉన్న శక్తిని పేల్చి, కొత్తగా బిగ్ బ్యాంగ్ పుట్టించి కాలాన్ని మళ్ళీ మొదలుపెట్టారు. అంటే కాలాన్ని తిరిగి మొదలుపెట్టడం తప్పు కాదన్నమాట. కోస్ట్ సిటీని కలుపుకోవడమే తప్పు!

రెండోముద్రణ:
అన్నా, జీరో అవర్ ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్తే ఎలా? అదే ఏడాది వచ్చిన గ్రీన్ లాంటర్న్ 48, 49, 50 చదవండి. ఉంగరంతో కోస్ట్ సిటీ బొమ్మ కట్టుకున్నందుకు ఉంగరాలిచ్చిన పెద్దలు గార్డియన్లు పిలిచి అడిగారని వాళ్ళ మీదికే బయల్దేరతాడు. దారిలో అడ్డం వచ్చిన సొంత తోటివాళ్ళ ఉంగరాలు ఊడబీకి తన వేళ్ళకి తొడుక్కుంటాడు. వేళ్ళ నిండా ఉంగరాలతో ఉన్న ఆ బొమ్మ చూశాక కూడా జాలి పడతారా? తనకి శిక్షణ ఇచ్చిన కిలోవాగ్‌ని చంపేశాడు. పాత శత్రువు సినెస్ట్రో మెడ విరిచేశాడు. ఊరు పోయినవాడి దుఃఖం అర్థమవుతుంది, కాదనను. పక్క ఊళ్ళు తగలబెట్టే లైసెన్సు దానికి ఎవరిచ్చారు?

ముప్ఫయ్యోశతాబ్దం:
మా లీజియన్ సంగతి ఎవరూ మాట్లాడరేం? 1958 నుంచి వస్తున్న లీజియన్ ఆఫ్ సూపర్-హీరోస్, భవిష్యత్తు పిల్లలు. జీరో అవర్‌కి అనుబంధంగా వచ్చిన (టై-ఇన్) వాళ్ళ పత్రిక 61వ సంచిక చూడండి. ఒక్కొక్కరూ చెరిగిపోతుంటే మిగిలినవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నిలబడతారు, ఆ తర్వాత తెల్ల కాగితం. ప్రింటింగ్ తప్పేమో అని అటూ ఇటూ తిప్పి చూశాను. మరుసటి నెల అవే పేర్లతో వేరే పిల్లలొచ్చారు, మొదటి నుంచి కథ. పాతవాళ్ళు చచ్చిపోయినా బాగుండేది, ఏడ్చేవాళ్ళం. అసలు పుట్టనే లేదన్నారు. 70 లక్షల మంది కోసం వీళ్ళని తుడవచ్చు అనేవాళ్ళు ముందు ఆ తెల్ల పేజీ దగ్గర ఒక నిమిషం కూర్చోండి.

పాతపేజీ:
మీ లీజియన్‌ని కొత్తగా రాసింది హాల్ కాదండీ. అతను ఓడిపోయాకే కదా ఆ కొత్త కాలం మొదలైంది! నా వాదనకి మీరే బలం ఇస్తున్నారు.

సోడాబుడ్డి:
అసలు గుట్టు నేను చెప్తాను, టెన్షన్ పడకండి. 1985-86లో డీసీవాళ్ళు క్రైసిస్ అని 12 సంచికలు వేసి తమ కథల్లోని వేరువేరు లోకాలన్నీ కలిపేశారు. అతుకులు సరిగ్గా పడలేదు, ముఖ్యంగా రెక్కల హీరో హాక్‌మ్యాన్ ఎవరో కంపెనీవాళ్ళకే తెలియకుండా పోయింది. ఆ చిక్కులు విప్పడానికే జీరో అవర్. 0వ సంచిక చివర మడతపెట్టిన పేజీ ఉంటుంది, ఎవరు ఎప్పుడు వచ్చారో వరసగా. కథంతా ఆ చార్టు కోసమే. అంత చేసీ హాక్‌మ్యాన్‌లందర్నీ ఒకడిలో కుక్కి చిక్కుముడి ఇంకా బిగించారు. హాల్ మంచివాడా చెడ్డవాడా అని మీరు కొట్టుకుంటున్నారు, పాపం అతను ఆఫీసు పని మీద వచ్చాడు.

విశాఖవేణి:
సోడాబుడ్డి గారూ, అలా అయితే ఏ కథ గురించీ మాట్లాడక్కర్లేదు.

నాకు హాల్ మీద కోపం లేదు, 2004లో మొదలైన రీబర్త్ అనే గ్రీన్ లాంటర్న్ కథ మీద ఉంది. పారలాక్స్ అంటే భయం పుట్టించే పసుపు పురుగట, హాల్‌లో దూరి ఇవన్నీ చేయించిందట. చెవుల పక్కన నెరిసిన జుట్టు కూడా దాని వల్లేనట! మా అమ్మమ్మ ఊళ్ళో తాగి గొడవ చేసినవాడు పొద్దున లేచి పూనకం వచ్చిందని చెప్పుకున్నట్టుంది. 1996లో ఫైనల్ నైట్ అనే కథలో హాల్ ఆరిపోతున్న సూర్యుణ్ణి వెలిగించడానికి తన ప్రాణం ఇచ్చాడు. ఎందుకిచ్చాడు? చేసిన పాపం తనది కాబట్టి. పాపం పురుగుదైతే ఆ చావుకి విలువేముంది?

రెండోముద్రణ:
వేణి గారితో నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటాను. నేను హాల్‌ని తిట్టేది కూడా అతను పూర్తి స్పృహతో చేశాడు కాబట్టే. లేకపోతే జీరో అవర్ చివర్లో విలుకాడు గ్రీన్ యారో హాల్ మీద వేసిన బాణానికి అర్థం లేదు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ట్రక్కులో అమెరికా అంతా తిరిగినవాళ్ళు. స్నేహితుడి గుండెకి గురిపెట్టి వదిలాడు. పురుగుకి బాణం వేశాడంటే ఎవరు చదువుతారు?

పాతపేజీ:
బాణం దగ్గర నేనూ ఆగిపోయాను. కానీ ఒకప్పటి బ్యాట్‌గర్ల్ బార్బరా గోర్డన్ సంగతి? ఈ లోకంలో జోకర్ కాల్చాక ఆమె చక్రాల కుర్చీలో ఉంది. కాలం చిరిగినప్పుడు ఇంకో కాలం నుంచి బ్యాట్‌గర్ల్‌గా నడిచి వస్తుంది, కాళ్ళతో. కొత్త కాలంలో ఆమెకి చోటు లేదు. హాల్ మాట నెగ్గి ఉంటే అలాంటివాళ్ళకి ఎక్కడో ఒక లోకం దొరికేది.

ముప్ఫయ్యోశతాబ్దం:
మీకు 3వ సంచిక దొరకలేదన్నారు కదా. అసలు తిరకాసు అక్కడే ఉంది. జస్టిస్ సొసైటీ అనే పాతకాలపు హీరోల జట్టులోని ముసలివాళ్ళు ఎక్స్‌టాంట్‌కి ఎదురెళ్ళేది అందులోనే. ఇన్నాళ్ళూ ఆగిన వయసంతా వాడు ఒక్కసారిగా వాళ్ళ మీదికి తెచ్చి పడేస్తాడు. ఆటమ్, అవర్‌మ్యాన్, డాక్టర్ మిడ్-నైట్ ముగ్గురూ పోయారు. రెండో ప్రపంచయుద్ధం నాటి మనుషులు. ఎక్స్‌టాంట్ ఎవరి పక్షం? హాల్ పక్షం. అది చదివి వచ్చి ఇదే ప్రశ్న మళ్ళీ అడగండి.

పాతపేజీ:
సరే, ఒప్పుకుంటాను, అది చదవకుండా మాట్లాడుతున్నాను. ఆదివారం మళ్ళీ వెళ్తా. ఆ ఫుట్‌పాత్ తాత పైన కట్టలో ఇంకా ఉన్నాయన్నాడు, తాడు విప్పమంటే కసురుకున్నాడు. కానీ కోస్ట్ సిటీని ఎందుకు కలపలేదో మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

సోడాబుడ్డి:
చార్టులో ఖాళీ లేక.