మాల్దీవుల్లో ఆల్ ఇన్‌క్లూజివ్ తీసుకోవాలా, ఫుల్ బోర్డ్ సరిపోతుందా?

మిర్యాలగూడ కోడలు:
అందరికీ నమస్తే. సంక్రాంతి సెలవుల్లో మాల్దీవులు పోదామని ఇంట్లో మాట నడుస్తోంది. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల బాబు, ఏడాదిన్నర పాప, మా అత్తమ్మ. అత్తమ్మ పూర్తి శాకాహారి, పెరుగన్నం లేకపోతే ఆమెకు తిన్నట్టే ఉండదు. మా ఆయన ఒకటి రెండు బీర్లు తాగుతాడు, నేను ముట్టను. ట్రావెల్స్ అతను "ఆల్ ఇన్‌క్లూజివ్ తీసుకోండి మేడం, దిగాక జేబులో చెయ్యి పెట్టే పనే లేదు" అంటున్నాడు కానీ రేటు వింటే గుండె ఆగింది. నిజంగా అన్నీ అందులోనే వస్తాయా? మా బాబేమో నీళ్ల మీద కట్టిన విల్లానే కావాలని ఒకటే గొడవ. మేం ఇంతవరకు చూసిన సముద్రం సూర్యలంక ఒక్కటే, కాబట్టి తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పాలమూరు పోరడు:
అక్కా, ఫుల్ బోర్డ్ తీసుకోండి, అంటే గదితో పాటు మూడు పూటల భోజనం, డ్రింక్స్ విడిగా. ఆల్ ఇన్‌క్లూజివ్‌లో మీరు ఎక్కువ కట్టేది మందుకే. పైగా చాలా రిసార్టుల్లో ఒక గదిలో పెద్దవాళ్లంతా ఒకే ప్లాన్ తీసుకోవాలంటారు, అంటే మీ అత్తమ్మ తాగని విస్కీకి కూడా మీరే పైసలు కట్టాలన్నమాట. "అన్నీ" అంటారు గానీ మామూలుగా మెయిన్ రెస్టారెంట్‌లో మూడు పూటల భోజనం, వాళ్ల లిస్టులో ఉన్న డ్రింక్స్, అంతే. స్పా, డాల్ఫిన్ ట్రిప్పు, స్పెషల్ రెస్టారెంట్లు చాలాచోట్ల విడిగానే ఉంటాయి. రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే 10 శాతం సర్వీస్ చార్జీ, దాని మీద కలిపి 17 శాతం టూరిజం పన్ను పడుతుంది, 100 డాలర్ల గది దాదాపు 129 అవుతుంది. రిసార్టుల్లో గ్రీన్ ట్యాక్స్ మనిషికి రాత్రికి 12 డాలర్లు, రెండేళ్లలోపు పిల్లలకు లేదు కాబట్టి పాపకు పడదు. ఇవన్నీ కలిపిన మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

సూర్యాపేట టీచరమ్మ:
పోరడు తమ్ముడికి పిల్లలున్నట్టు లేదు 😀 తొమ్మిదేళ్ల పిల్లాడు పూల్ దగ్గర గంటకో జ్యూస్, గంటకో ఐస్‌క్రీమ్ అడుగుతాడు, ప్రతిదానికీ బిల్లు మీద సంతకం పెడుతూ లోపల డాలర్లను రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చుంటే అదేం సెలవు! ఫుల్ బోర్డ్‌లో కొన్నిచోట్ల భోజనం దగ్గర నీళ్ల బాటిల్‌కు కూడా డబ్బులు తీసుకుంటారు, అది ముందే అడగండి. రెండు ప్లాన్ల తేడా మీ అందరి జ్యూసులు, చిరుతిండ్ల ఖర్చు దరిదాపుల్లో ఉంటే ఆల్ ఇన్‌క్లూజివే నయం, ఆకాశానికి ఉంటే వద్దు.

నీళ్ల మీద విల్లా మాత్రం వద్దే వద్దు చెల్లీ. పాప ఇప్పుడిప్పుడే నడిచే వయసు, గది తలుపు తీస్తే మెట్లు నేరుగా నీళ్లలోకే. చాలా రిసార్టులు చిన్నపిల్లలుంటే అవి ఇవ్వవు కూడా. బీచ్ విల్లా తీసుకోండి, రేటు కూడా తక్కువే ఉంటుంది. తిండికి భయపడకండి, అక్కడి కిచెన్లలో మనవాళ్లు, శ్రీలంక వాళ్లు చాలామంది పనిచేస్తారు, శాకాహారం అని, పెరుగు కావాలని బుక్ చేసేటప్పుడే మెయిల్ పెట్టండి.

ఇంకోటి, ఇది ట్రావెల్స్ వాళ్లు చెప్పరు. అక్కడికి పూజా విగ్రహాలు తీసుకుపోకూడదు, కస్టమ్స్ నిషేధం. మన దగ్గర పెద్దవాళ్లు ప్రయాణమంటే యాదగిరి నర్సింహస్వామి చిన్న విగ్రహం సంచిలో పెట్టుకుంటారు కదా, అత్తమ్మకు ముందే మెల్లగా చెప్పండి.

దేవరకొండ అన్న:
మీరంతా గది, తిండి గురించే చెప్తున్నారు, అసలు ఖర్చు ఎయిర్‌పోర్టు నుంచి దీవికి పోయే దగ్గర ఉంది. దూరం రిసార్టులకు సీప్లేన్ (నీళ్ల మీద దిగే చిన్న విమానం) ఎక్కాలి, రానూపోనూ చాలాచోట్ల మనిషికి 400 డాలర్లు దాటుతుంది, ఆల్ ఇన్‌క్లూజివ్ అన్నా ఇది కలిసి ఉంటుందన్న గ్యారంటీ లేదు. పైగా సీప్లేన్ పగలే తిరుగుతుంది. రాజధాని మాలేలో సాయంత్రం దిగారంటే ఆ రాత్రి అక్కడే ఇంకో హోటల్. లగేజీ కూడా సాధారణంగా 20 కిలోలు, చేతిసంచి 5. పెద్దావిడ, పసిపాపతో ఇవన్నీ ఎందుకమ్మా, మాలేకు దగ్గరగా స్పీడ్‌బోట్ పోయే రిసార్ట్ చూసుకోండి. సంక్రాంతి టైం మంచిదే, అక్కడ నవంబర్ చివరి నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం. న్యూ ఇయర్ వారంలో మాత్రం రేట్లు మండిపోతాయి.

మీ ఆయన శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో సీసా కొనకుండా చూడండి. మాలేలో బ్యాగులు స్కాన్ చేసి మందు పట్టుకుంటారు. తాగాలంటే రిసార్టులోనే. మాఫుషి లాంటి ఊళ్లున్న దీవుల్లో గెస్ట్‌హౌస్ చవకే గానీ అక్కడ మందు దొరకదు, బికినీకి వేరే బీచ్ ఉంటుంది.

గుట్కా వ్యతిరేకి:
అంత పైసలు పెట్టి నీళ్లు చూడ్డానికి పోవాల్నా? సాగర్ గేట్లు ఎత్తినప్పుడు పోండి, ఫ్రీ.

మిర్యాలగూడ కోడలు:
సాగర్ మాకు పక్కనే అన్నా, బంధువులు వస్తే చూపించీ చూపించీ అలసిపోయాం 😄 అక్కా, విగ్రహం సంగతి చెప్పి పుణ్యం కట్టుకున్నారు, అత్తమ్మ ఇప్పటికే పెట్టెలో సర్దేసింది. స్పీడ్‌బోట్, బీచ్ విల్లా ఖాయం. ప్లాన్ కోసం రెండు కొటేషన్లూ అడిగాను. వీసా ఎట్లా?

పాలమూరు పోరడు:
మనకు దిగాకే ఇస్తారు, ఫీజు లేదు. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ దగ్గర పెట్టుకోండి. బయల్దేరే ముందు 96 గంటల లోపల ఇముగా అనే మాల్దీవుల ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లో ప్రతి ఒక్కరి వివరాలు నింపాలి, అది కూడా ఫ్రీయే, డబ్బులడిగే సైట్లు ఉంటే మూసేయండి. బాబు పాస్‌పోర్టు చిన్నప్పుడు తీసి ఉంటే తేదీ ఇవాళే చూడండి, పిల్లలకు ఇచ్చేది ఐదేళ్లకే. పాపకు ఇంకా తీయకపోతే అనెక్సర్ డి (తల్లిదండ్రుల అంగీకార పత్రం) మీద మీ ఇద్దరి సంతకాలు కావాలి. ట్రావెల్స్ వాళ్లు ప్యాకేజీ మీద టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటే రసీదు దాచుకోమని బావకు చెప్పండి, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు అవుతుంది.