19 ఒకట్ల సంఖ్య ప్రధాన సంఖ్య అని క్లుప్తంగా నిరూపించడం ఎలా?

1111111111111111111, అంటే వరుసగా 19 ఒకట్లు రాస్తే వచ్చే సంఖ్య, ప్రధాన సంఖ్య అని తెలిసినా దానికి క్లుప్తమైన నిరూపణ నాకు చిక్కడం లేదు. అంకెల మొత్తం 19 కనుక అది 3తో భాగింపబడదు. ఇలాంటి పరీక్షలు ఎంతో దూరం తీసుకుపోవు. వర్గమూలం 105 కోట్లు దాటుతుంది కాబట్టి, ప్రధాన భాజకం ఏదైనా 38 గుణిజానికి 1 కలిపిన రూపంలోనే ఉండాలన్న షరతును వాడుకున్నా, సుమారు 2.77 కోట్ల భాగహారాలు మిగులుతాయి. కంప్యూటర్‌కు అది పెద్ద పని కాదు గానీ, కాగితం మీద సరిచూసుకోగల నిరూపణ కాదు. 2 ఆధారంగా చేసిన ఫెర్మా పరీక్షలో, అంటే 2ను సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతానికి పెంచి ఆ సంఖ్యతోనే భాగిస్తే, ప్రధాన సంఖ్యకు రావలసినట్టే శేషం 1 వచ్చింది. అయితే 11×31కి సమానమైన 341 కూడా అదే పరీక్షలో నెగ్గుతుంది. సంఖ్యలోంచి 1 తీసివేస్తే మాత్రం 2×3²×5×7×11×13×19×37×52579×333667 అని పూర్తిగా విడిపోయింది. ఈ కారణాంకాల ఆధారంగా నిరూపణ పూర్తి కావాలంటే ఏయే ఘాతాలకు శేషాలు సరిచూడాలి?