న్యూకాజిల్ ముద్రలున్న పాత వెండి చెంచా: కాలాన్ని నిర్ణయించడం ఎలా? (చర్చ)

వెండిగరిటె:
యార్క్‌షైర్‌లోని ఒక పాత వస్తువుల సంతలో కొన్న వెండి చెంచా కాడ వెనుక, గుంటకు దగ్గరగా, మూడు కోటలు, నడుస్తున్న సింహం, కిరీటం ధరించిన చిరుత తల, నలిగిపోయిన ఒక అక్షరం, ఐ ఎల్ అనే పొడి అక్షరాలు ఉన్నాయి. రాజు తల ముద్ర మాత్రం లేదు. సంవత్సరాన్ని సూచించే అక్షరం చదవలేకపోయినా కాలం చెప్పవచ్చా?

టైన్ ఒడ్డు:
చాలావరకు చెప్పవచ్చు. మూడు కోటలు, వెండి స్వచ్ఛతను పరీక్షించి ముద్ర వేసే న్యూకాజిల్ పరీక్షా కార్యాలయపు గుర్తు. ఆ కార్యాలయం 1884లో మూతపడింది. అప్పట్లో జె అక్షరానికి బదులు ఐ చెక్కడం వాడుక కనుక, అవి న్యూకాజిల్ వెండి పనివారు జాన్ లాంగ్లాండ్స్ పొడి అక్షరాలు కావచ్చు. ఆయన 1778లో జాన్ రాబర్ట్‌సన్‌ను భాగస్వామిగా చేర్చుకున్నారు. ఆ తరువాతి పనితనంపై ఇద్దరి అక్షరాలూ ఉంటాయి. సుంకం చెల్లించినట్లు తెలిపే రాజు తల 1784 డిసెంబరులో మొదలైంది కనుక, అది లేకపోవడం కూడా 1778కి ముందు కాలానికి సరిపోతుంది. ముద్రలు నలిగాయని దిగులు పడవద్దు: కాడ సన్నగా ఉండే ఆ చోట ముద్రలు కొట్టాక మళ్ళీ సుత్తితో సరిచేసేవారు, అందువల్ల అవి సాగి వంకరపోయేవి. 1780ల నుండి ముద్రలను కాడ పైభాగానికి మార్చారు.

లెన్సుకన్ను:
సంవత్సరపు అక్షరం కొంత తేలినా లండన్ అక్షరాల పట్టికతో పోల్చకండి; ఒక్కొక్క ఊరికి వేరే వరుస ఉండేది. ముద్రల కన్నా ముందు గుంట అంచును చూడండి. కుడిచేతి వాడకంతో ఒక పక్క అరిగిన అంచును కొందరు వ్యాపారులు రెండువైపులా కత్తిరించి సమం చేస్తారు, అప్పుడు చెంచా పొట్టిగా, మొద్దుగా కనిపిస్తుంది. నా దృష్టిలో అరిగిన చెంచా దానికన్నా ఎంతో మేలు.

దేవన్‌వాసి:
ఇంగ్లండ్ పడమటి జిల్లాల పదిహేడవ శతాబ్దపు చెంచాలకు ఈ లెక్క పనికిరాదు. పరీక్షా కార్యాలయానికి పంపకుండానే పనివారు తమ ముద్రను, కొన్నిచోట్ల ఊరి గుర్తును కొట్టేవారు. ఉదాహరణకు, టాంటన్ ఊరి గుర్తులో టి అక్షరంతో పాటు ఒక పీపా ఉంటుంది. అక్కడ కాలం తేల్చడానికి పెళ్ళికో, బాప్తిస్మానికో చుక్కలుగా పొడిచిన అక్షరాలూ సంవత్సరమూ తోడ్పడతాయి. అయితే పాత చెంచాను తరువాత కానుకగా ఇచ్చి తేదీ పొడిపించిన సందర్భాలూ ఉండవచ్చు. బార్న్‌స్టేపుల్ ప్రాంతపు కొన్ని చెంచాల కొనపై ఉండే చిన్న బొమ్మను సేకర్తలు బుద్ధుడనీ విష్ణువనీ అంటారు. నాకు మాత్రం ఏ పోలికా కనిపించలేదు.

వెండిగరిటె:
భూతద్దంతో మళ్ళీ చూశాను. రెండవ జత పొడి అక్షరాలు లేవు, గుంట ఎడమ అంచు సహజంగానే అరిగి ఉంది. కనుక 1778కి ముందుదని రాసుకుని, పాలిష్ పెట్టకుండానే దాచుతున్నాను.